ఊరి పొలిమేరల్లో ఫ్లాట్లు: పొదుపు సొమ్మూ, పౌరహక్కూ

గత పది పదిహేనేళ్ళుగా మన కుటుంబాలలో ఒక మార్పు నిశ్శబ్దంగా సాగుతున్నది. పాత మొహల్లాలలో మూడు తరాల వారు ఒకే వాకిలి వెనుక కాపురాలు చేసిన కుటుంబాలు ఇప్పుడు సొంత గూటి కోసం నగరం దాటి చూస్తున్నాయి. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చిన తరువాత శంషాబాద్, మహేశ్వరం, శంకర్‌పల్లి, షాద్‌నగర్ దిక్కుల్లోని చిన్న చిన్న పల్లెల పక్కన అపార్ట్‌మెంట్లు లేచాయి. గుంటూరు, విజయవాడల మధ్య రహదారి వెంట నంబూరు, కాజ, పెదకాకాని గ్రామాలలోనూ ఇదే దృశ్యం. నిన్నటి వరకు జొన్నచేను, మొక్కజొన్నచేను ఉన్న చోట నేడు ఐదంతస్తుల భవనం నిలబడి ఉన్నది. దాని పక్కనే పెంకుటిళ్ళు, పశువుల కొట్టాలు, ఊరి చెరువు.

నగరంలో రెండు గదుల ఇంటికి అడిగే ధరకు అక్కడ మూడు గదుల ఫ్లాటు వస్తుందని దళారులు చెబుతారు. చాలా సందర్భాలలో అది నిజమే. అయితే మధ్యతరగతి ముస్లిం కుటుంబానికి ఫ్లాటు అంటే ఏమిటో మనకు తెలియనిది కాదు. గల్ఫ్‌లో పదిహేనేళ్ళు ఎండలో మాడిన కొడుకు సంపాదన, తండ్రి పదవీ విరమణ నాడు చేతికి వచ్చిన గ్రాట్యుటీ, ఇల్లాలి బంగారం, ఈ మూడూ కలిస్తేనే ఆ తాళంచెవి చేతికి వస్తుంది. ఒకసారి ఆ సొమ్ము పోతే మళ్ళీ కూడబెట్టే వయసు ఎవరికీ మిగలదు. అందువల్ల ఈ విషయాన్ని ఒక్కొక్క కుటుంబం సొంత వ్యవహారంగా వదిలివేయరాదని, సమాజం మొత్తం ఆలోచించవలసిన విషయంగా తీసుకోవాలని మేము భావిస్తున్నాము.

మా అభిప్రాయం ముందుగానే చెబుతాము. పల్లెలకు వెళ్ళండి, తప్పక వెళ్ళండి. భయంతో పారిపోతున్నట్టుగా వెళ్ళకండి, కళ్ళు మూసుకుని వెళ్ళకండి. కాగితాన్ని చదివి, హక్కును తెలుసుకుని, ఆ ఊరి మనిషిగా బతకడానికి సిద్ధపడి వెళ్ళండి.

వెళ్ళడానికి కారణాలు, అడ్డంకులు

మనవారు గుంపుగా ఒకేచోట ఉండటానికి ఇష్టపడతారని, బయటి ప్రపంచంతో కలవరని ఒక నింద ఉన్నది. జస్టిస్ రాజేందర్ సచార్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదిక దీనికి రెండో పార్శ్వం చూపించింది. కోరిన చోట ఇల్లు కొనలేకపోవడం, అద్దెకు దొరకకపోవడం ముస్లింలు చెప్పుకున్న ఇబ్బందులలో ఒకటని, భద్రత కోసం ఒకేచోట గుమికూడటం వల్ల ఆ ప్రాంతాలు పౌర సదుపాయాలలో వెనుకబడుతున్నాయని ఆ నివేదిక గుర్తించింది. తలుపులు మూసి, ఆ పైన బయటికి రావడం లేదని నిందించడం న్యాయం కాదు.

మా సేవా సంఘం వద్దకు వచ్చిన ఒక కుటుంబం అనుభవం చెబుతాము. కుటుంబ పెద్ద రవాణా సంస్థలో మెకానిక్‌గా పనిచేసి విరమించారు. ఊరి చివర కట్టిన ఒక భవనంలో రెండవ అంతస్తు ఫ్లాటు నచ్చి, ధర కుదిరి, బయానా ఇవ్వడానికి వెళ్ళారు. ఒప్పంద పత్రంలో పేరు రాయడానికి కూర్చున్న గుమాస్తా పేరు వినగానే లోపలికి వెళ్ళివచ్చి, “ఆ ఫ్లాటు నిన్ననే వేరేవారు తీసుకున్నారండీ” అన్నాడు. వారం తరువాత ఆయనతో కలిసి పనిచేసిన హిందూ మిత్రుడు ఫోను చేసి అడిగితే అదే ఫ్లాటు అమ్మకానికి సిద్ధంగా ఉన్నది. ఆ మిత్రుడే కోపం పట్టలేక మా దగ్గరికి వెంటబెట్టుకుని వచ్చారు.

ఇటువంటి సందర్భంలో చట్టం ఏమంటున్నది? దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం ప్రతి పౌరుడికీ ఇచ్చింది. మతం కారణంగా వివక్ష చూపరాదని 15వ అధికరణం చెబుతున్నది. కానీ 15వ అధికరణంలోని మొదటి నిబంధన ప్రభుత్వాన్ని ఉద్దేశించినది. ప్రైవేటు వ్యక్తి తన ఇంటిని ఎవరికి అమ్మాలి, ఎవరికి అమ్మరాదు అన్న విషయంలో అతడిని నేరుగా కట్టడి చేసే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. పైగా 2005లో జొరాస్ట్రియన్ సహకార గృహనిర్మాణ సంఘం కేసులో సుప్రీంకోర్టు, ఒక సహకార సంఘం తన సభ్యత్వాన్ని ఒక మతస్థులకే పరిమితం చేసుకునే నిబంధన చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఆ తీర్పు పార్సీల సంఘం గురించి వచ్చినది. అయినా దాని నీడ మన మీద పడుతున్నది.

ప్రభుత్వమే ఇల్లు ఇచ్చినా కష్టం తప్పని సందర్భాలూ ఉన్నాయి. గుజరాత్‌లోని వడోదరలో ముఖ్యమంత్రి గృహ పథకం కింద ఒక ముస్లిం మహిళకు ఫ్లాటు కేటాయిస్తే, ఆమె అక్కడ ఉండరాదని ఇరుగుపొరుగువారు అభ్యంతరపత్రాలు సమర్పించిన వార్త 2024 జూన్‌లో దేశమంతా చదివింది. మన తెలుగు నేల ఇంకా అంత దూరం పోలేదు. పోకుండా చూసుకోవలసిన బాధ్యత మనదీ, మన పొరుగువారిదీ కూడా.

‘మనవాళ్ళే’ అన్న మాట

బయటి తలుపు మూసుకున్నప్పుడు మనిషి లోపలి తలుపు తడతాడు. “అన్నీ మనవాళ్ళవే ఫ్లాట్లు, పక్కనే మస్జిదు, అమ్మేది కూడా మన భాయీయే” అన్న ప్రకటనలు జుమా నమాజు తరువాత మస్జిదు గుమ్మం దగ్గరే చేతికి అందుతున్నాయి. ఇందులో నిజాయితీపరులు లేరని మేము అనము. కానీ మా దగ్గరికి వచ్చిన మోసపు ఫిర్యాదులలో ఎక్కువ భాగం ఈ నమ్మకపు దారిన వచ్చినవే. సలాం చెప్పి కూర్చోబెట్టి, టీ తాగించి, పత్రాలు అడిగితే “మీకు మా మీద నమ్మకం లేదా భాయ్” అని నొచ్చుకునే వ్యాపారి దగ్గర మొహమాటపడి సంతకం పెట్టినవారు ఎందరో.

అప్పు వ్యవహారాన్ని కాగితం మీద రాయించుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని దివ్య ఖుర్ఆన్ రెండవ సూరా 282వ ఆయత్‌లో విశ్వాసులను ఆదేశించింది. ఖుర్ఆన్ మొత్తంలో అతి పొడవైన ఆయత్ అదే. కాబట్టి పత్రం అడగటం అవమానించడం కాదు, ధర్మం. అడిగితే నొచ్చుకునేవాడి దగ్గర కొనకపోవడమే మేలు.

మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల మధ్య గడిపినవారిగా, పల్లె భూమి మీద లేచిన ఫ్లాటు విషయంలో చూడవలసిన అంశాలు కొన్ని ఇక్కడ వివరిస్తాము.

మొదటిది రెరా. స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం 2016లో వచ్చింది. నిర్మాణ సంస్థ తన ప్రాజెక్టును రెరాలో నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వరాదు, బుకింగ్ తీసుకోరాదు. అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడగరాదు. కొనుగోలుదారుల నుండి వచ్చిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉంచి ఆ భవనానికే ఖర్చు చేయాలి. ఫ్లాటు అప్పగించిన ఐదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే నిర్మాతే సొంత ఖర్చుతో సరిచేయాలి. చెప్పిన గడువుకు ఇవ్వకపోతే కొన్నవారు వైదొలగి, వడ్డీతో సహా సొమ్ము వెనక్కి కోరవచ్చు.

అయితే పల్లెల విషయంలో ఒక మెలిక ఉన్నది. 500 చదరపు మీటర్లు మించని స్థలానికి గానీ, 8కి మించని ఫ్లాట్లకు గానీ ఈ నమోదు నుండి మినహాయింపు ఉన్నది. అంతేకాదు, చట్టం ప్రధానంగా ప్రణాళికా ప్రాంతాలకు వర్తిస్తుంది. ఆ పరిధి దాటిన గ్రామంలో స్థానిక సంస్థ అనుమతితో కట్టే భవనాన్ని నమోదు చేయించమని రెరా సంస్థ ప్రత్యేకంగా ఆదేశించవచ్చు గానీ, అది తనంతట తాను జరగదు. కాబట్టి ఊరి మధ్య ఆరు, ఎనిమిది ఫ్లాట్లతో లేచే చిన్న భవనంలో కొనేవారికి రెరా గొడుగు ఉండకపోవచ్చు. అటువంటి చోట మన జాగ్రత్త రెట్టింపు కావాలి.

రెండవది అనుమతి. “పంచాయతీ పర్మిషన్ ఉంది” అన్న మాట విని తృప్తిపడరాదు. పల్లెలో చిన్న ఇంటికి సరిపోయే పంచాయతీ అనుమతి అనేక అంతస్తుల భవనానికి సరిపోదు. పట్టణ, గ్రామ ప్రణాళికా శాఖ ఆమోదమో, హెచ్ఎండీఏ, సీఆర్‌డీఏ వంటి అభివృద్ధి సంస్థల ఆమోదమో ఉన్నదా అని చూడాలి. ఆమోదించిన నక్షా అడిగి, అందులో ఎన్ని అంతస్తులు ఉన్నాయో లెక్కపెట్టాలి. నక్షాలో మూడు, నేల మీద ఐదు ఉంటే పై రెండు అంతస్తుల కొనుగోలుదారులు జీవితాంతం భయంతో బతకవలసిందే. భవనం పూర్తయిందని చెబితే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూపమనాలి.

మూడవది భూమి పుట్టుక. ఈసీ తీశాము, అప్పులేమీ లేవు అని చాలామంది ధీమాగా ఉంటారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే కనబడతాయి. కోర్టులో నడుస్తున్న వ్యాజ్యం, అన్నదమ్ముల నోటిమాట పంపకం, అసైన్డ్ పట్టా, ఇనాం స్వభావం అందులో కనబడవు. తెలంగాణలో 1954-55 నాటి కాస్రా పహాణీ నుండి, ఆంధ్రలో పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అడంగళ్ళ నుండి ఆ సర్వే నంబరు ఎవరి పేరున ఉన్నదో వరుసగా చూసుకుంటూ రావాలి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి అమ్మకాన్ని 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం అడ్డుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి తరువాత కొన్ని సడలింపులు వచ్చాయి గనుక, సడలింపు ఆ భూమికి వర్తిస్తుందో లేదో తహసీలుదారు నుండి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద ఉన్న నిషేధిత జాబితాను సర్వే నంబరుతో సరిచూడటం ఎవరైనా చేయగలిగిన పని.

భూయజమాని కుటుంబంలో ఆడపిల్లలు ఉన్నారా అని కూడా అడగండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ కుటుంబపు ఆస్తిలో కూతుళ్ళకు 1986 నాటి రాష్ట్ర సవరణతోనే సమాన వాటా వచ్చింది. మన కుటుంబాలలో షరీఅత్ ప్రకారం కూతురి వాటా మొదటి నుండీ ఉన్నదే. నిర్మాతతో చేసుకున్న అభివృద్ధి ఒప్పందం మీద అన్నదమ్ముల సంతకాలే ఉండి అక్కచెల్లెళ్ళ సంతకాలు లేకపోతే, భవనం లేచిన తరువాత వ్యాజ్యం లేస్తుంది. అక్కచెల్లెళ్ళ హక్కును మింగి కట్టిన ఇంటిలో బర్కత్ ఎలా ఉంటుంది?

నాలుగవది జలాశయాలు. హైదరాబాద్‌కు పడమర, దక్షిణాన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణ కోసం 1996లో వచ్చిన 111వ జీఓ 84 గ్రామాలలో పెద్ద కట్టడాలను కట్టడి చేసింది. 2022లో 69వ జీఓ ద్వారా సడలింపు ప్రకటించినా, మీరు కొనే సర్వే నంబరులో మీరు కొనే భవనానికి అనుమతి ఉన్నట్టు కాగితం చూడకుండా బయానా ఇవ్వరాదు. ఏ ఊరి చెరువుకైనా పూర్తి నీటిమట్టం హద్దు, దాని చుట్టూ విడిచిపెట్టవలసిన బఫర్ ఉంటాయి. వేసవిలో ఎండిన చెరువు శిఖం చూడటానికి చదునైన స్థలంలాగే ఉంటుంది. 2024లో హైడ్రా ఏర్పడి చెరువు హద్దుల్లోని కట్టడాలను కూల్చినప్పుడు, పత్రాలు చేతపట్టుకుని నిలబడిన కుటుంబాల కన్నీళ్ళు మనం చూశాము.

ఐదవది ‘ప్రీ లాంచ్’. అనుమతి రాకముందే భూమిలో విడదీయని వాటా రాసిస్తామని, ముందు కట్టినవారికి సగం ధరకే ఇస్తామని ఊరిస్తారు. మీ చేతికి వచ్చేది వందలమందితో కలిసి ఒక పొలంలో కొన్ని గజాల వాటా మాత్రమే. భవనం రాకపోతే ఆ వాటాను దున్నుకోలేరు, అమ్ముకోలేరు. అదేవిధంగా నోటరీ పత్రాల మీద, జీపీఏ మీద ఇల్లు చేతులు మారే పాత అలవాటును ఇక మానుకోవాలి. జీపీఏ ద్వారా జరిగే అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ లాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది.

వఖ్ఫ్ భూమి మీద ఇల్లు వద్దు

ఈ మాట మనవారికి మనమే చెప్పుకోవాలి. పల్లెలలో ఆషూర్‌ఖానాకో, దర్గాకో, మస్జిదుకో, ఖబ్రస్తాన్‌కో వెనుకటివారు ఇచ్చిన మాన్యాలు ఉన్నాయి. కౌలుదారు పేరు రికార్డులకెక్కి, కొడుకుల పేర మారి, చివరికి అపార్ట్‌మెంటుగా లేచిన ఉదంతాలు రెండు రాష్ట్రాలలోనూ ఉన్నాయి. 2013 సవరణతో వఖ్ఫ్ చట్టంలో చేరిన 104-ఏ సెక్షన్ వఖ్ఫ్ ఆస్తి అమ్మకాన్ని, దానాన్ని, తాకట్టును నిషేధించింది. తక్కువ ధరకు వస్తున్నదని, అమ్మేవాడు ముతవల్లీ బంధువేనని కొంటే చట్టం ముందు నిలబడదు, దైవం ముందు అసలే నిలబడదు.

ఇటువంటి వివాదం ఎంత దూరం పోతుందో మణికొండ చూపింది. ఒకప్పటి ఆ చిన్న గ్రామంలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినవని వఖ్ఫ్ బోర్డు వాదించిన 1,654 ఎకరాలకు పైగా భూమిపై వ్యాజ్యం ఏళ్ళ తరబడి నడిచి, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో ప్రభుత్వం పక్షాన ముగిసింది. రికార్డు బలంగా లేని ఆస్తిని కాపాడుకోవడం ఎంత కష్టమో సమాజం అక్కడ నేర్చుకోవాలి. 2025 సవరణ చట్టంలోని కొన్ని నిబంధనలను సుప్రీంకోర్టు అదే ఏడు సెప్టెంబరు 15 నాటి మధ్యంతర ఉత్తర్వుతో నిలిపివేసినప్పటికీ, మన గ్రామాలలోని వఖ్ఫ్ ఆస్తుల హద్దులు, గెజిట్ ప్రతులు, పాత పత్రాలు వెతికి భద్రపరచే పని వాయిదా వేయదగినది కాదు. పల్లెలో ఇల్లు కొనడానికి వెళ్ళినవారు ఆ ఊరి వఖ్ఫ్ భూమి ఎక్కడున్నదో తెలుసుకుంటే రెండు మేళ్ళు జరుగుతాయి. తమ సొమ్ము మిగులుతుంది, వఖ్ఫ్‌కు ఒక కాపలాదారు దొరుకుతాడు.

సొమ్ము సంగతి

వడ్డీకి దూరంగా ఉండాలన్న నిష్ఠ గల కుటుంబాలు బ్యాంకు రుణం తీసుకోవు. వడ్డీ లేని ఇస్లామీ బ్యాంకింగ్ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని రిజర్వు బ్యాంకు నిర్ణయించినట్టు 2017లో వెల్లడైంది. ఆ నిష్ఠను మేము గౌరవిస్తాము. కానీ ఇందులో ఒక ప్రమాదం దాగి ఉన్నది. బ్యాంకు రుణం ఇచ్చే ముందు దాని న్యాయవాది పత్రాలను పరిశీలిస్తాడు. మనం రుణం తీసుకోకపోతే ఆ పరిశీలన కూడా జరగదు. కాబట్టి రుణం వద్దనుకున్నవారు స్వయంగా న్యాయవాదికి రుసుము చెల్లించి టైటిల్ పరిశీలన చేయించుకోవాలి. లక్షలు పెట్టి కొంటూ, కొన్ని వేల రుసుము దగ్గర పిసినారితనం చూపడం తెలివైన పని కాదు. రుణం తీసుకోకపోయినా, ఆ భవనానికి ఏ బ్యాంకులు రుణం ఇస్తున్నాయో అడిగి తెలుసుకోవచ్చు.

నగదు చేతికివ్వడం మరొక తప్పు అలవాటు. స్థిరాస్తి వ్యవహారంలో 20,000 రూపాయలు, ఆ పైన నగదుగా అడ్వాన్సు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 నుండి నిషేధించింది. బ్యాంకు ద్వారా చెల్లించిన ప్రతి రూపాయికి సాక్ష్యం ఉంటుంది. సంచిలో ఇచ్చిన రూపాయికి దేవుడొక్కడే సాక్షి, ఆ సాక్ష్యాన్ని ఈ లోకపు కోర్టులో చూపించలేము.

ధర చెప్పేటప్పుడు వినబడని ఖర్చులు కూడా ఉంటాయి. రిజిస్ట్రేషన్, స్టాంపు సుంకాలు కలిసి రెండు రాష్ట్రాలలోనూ దాదాపు ఏడున్నర శాతం అవుతాయి. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు జీఎస్‌టీ ఉంటుంది. పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ పొందిన ఫ్లాటుకు ఉండదు. అడిగే చదరపు అడుగులలో మెట్లు, నడవాలు ఎంత, మీ గోడల మధ్య వచ్చే కార్పెట్ ఏరియా ఎంత అని విడివిడిగా రాయించుకోండి. గల్ఫ్‌లో ఉన్న కొడుకు పేరున కొంటే, బంధువుకు సర్వాధికారాలు ఇచ్చే జీపీఏ బదులు ఆ ఒక్క ఫ్లాటుకే పరిమితమైన ప్రత్యేక అధికారపత్రం రాయించండి. ఇల్లాలి బంగారం అందులో ఉంటే ఇల్లాలి పేరు కూడా దస్తావేజులో ఉండాలి. అది ఆమె సొంత ఆస్తి. త్యాగమని పొగిడి వాటా ఎగ్గొట్టడం ధర్మం కాదు.

ఊరు కూడా మనదే

పత్రాలన్నీ సరిగా ఉన్నా, ఊరితో సంబంధం సరిగా లేకపోతే ఆ ఇంటిలో మనశ్శాంతి ఉండదు. చిన్న గ్రామంలో 60 ఫ్లాట్ల భవనం లేచినప్పుడు మొదట తగవు వచ్చేది మతం దగ్గర కాదు, మురుగునీటి దగ్గర. పల్లెలో భూగర్భ మురుగుకాలువలు ఉండవు. సెప్టిక్ ట్యాంకు పొంగి పక్క రైతు చేలోకి పోతుంది. భవనం వేసిన లోతైన బోరు వల్ల ఊరివారి బోర్లు ఎండుతాయి. అప్పుడు ఆ రైతు “వీళ్ళు వచ్చాక ఊరు పాడైంది” అంటాడు. ఆ ‘వీళ్ళు’ అన్న మాటకు మతం రంగు పూయడానికి కాచుకుని ఉండేవారు ఉంటారు. అందుకే కొనే ముందే మురుగు ఎక్కడికి పోతుంది, నీరు ఎక్కడి నుండి వస్తుంది అని చూడాలి. తప్పు నిర్మాతది అయినప్పుడు రైతుతో కలిసి నిర్మాతను నిలదీయాలి.

మన తెలుగు పల్లెలు ముస్లింలకు కొత్తవి కావు. దూదేకులవారు, గ్రామ మస్జిదు ముల్లా కుటుంబాలు, సాహెబుల ఇళ్ళు లేని పెద్ద ఊళ్ళు తక్కువ. పీర్ల పండుగనాడు గుండం చుట్టూ అన్ని కులాలవారూ చేరే ఊళ్ళు నేటికీ ఉన్నాయి. ఆ ఆచారాల మీద మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు, వాటిని గురించి ఇక్కడ చర్చించము. చెప్పదలచినది ఒకటే. ఆ ఊళ్ళలో వరసలు పెట్టి పిలుచుకునే బంధం తరతరాలుగా ఉన్నది. నగరం నుండి వచ్చినవారు గేటు వేసుకుని కూర్చుంటే ఆ బంధానికి నష్టం, ముందునుండి అక్కడ ఉన్న పేద ముస్లిం కుటుంబాలకు మరింత నష్టం.

చాలా పల్లెలలో పాత మస్జిదు ఒకటి ఉంటుంది. పది ఇళ్ళవారు చందాలు వేసుకుని, ఇమాముకు జీతం ఇవ్వలేక నెట్టుకొస్తుంటారు. కొత్తగా వచ్చినవారు సెల్లారులో వేరే నమాజు స్థలం కోసం నివాసుల సంఘంతో తగవు పడటం కంటే, ఆ పాత మస్జిదుకు బలం కావడం ఎంతో మేలు. ఇంటిలో నమాజు చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కానీ ఫ్లాటును ప్రార్థనాస్థలంగా మార్చడం వేరే విషయం, దానికి అనుమతులు ఉన్నాయి.

ఖబ్రస్తాన్ సంగతి ఎవరూ ముందుగా అడగరు. మరణం సంభవించిన రాత్రి అడుగుతారు. ఊరి ఖబ్రస్తాన్ కొద్దిపాటి గుంటలలో ఉండి, స్థానికులు “మాకే చోటు లేదు” అంటే ఆ దుఃఖంలో పాత నగరం దాకా జనాజా మోయవలసి వస్తుంది. కొన్న మొదటి ఏడాదిలోనే గ్రామసభలో విషయం పెట్టి, పంచాయతీ తీర్మానంతో ప్రభుత్వ స్థలం కోసం కలెక్టరుకు దరఖాస్తు చేయాలి. గ్రామసభలో మాట్లాడాలంటే ఆ ఊరి ఓటరు జాబితాలో పేరు ఉండాలి. ఓటు పాత మొహల్లాలో ఉంచుకుని ఇల్లు పల్లెలో కట్టుకున్నవారి మాట సర్పంచి ఎందుకు వింటాడు?

భవనంలోని నివాసుల సంఘం విషయంలోనూ ఇంతే. కొనే ముందు నియమావళి చదవండి. ఫ్లాటు అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా సంఘం సమ్మతి కావాలనే నిబంధన ఉంటే జాగ్రత్త పడండి. రేపు మీ తరువాత కొనేవారిని అడ్డుకోవడానికి అదే ఆయుధమవుతుంది. సంఘం ఏర్పడినప్పుడు పదవి మీద ఆశ లేకపోయినా సభ్యులుగా హాజరు కండి, నెలసరి చందా వేళకు కట్టండి. హాజరుకాని సమావేశంలో చేసిన తీర్మానం మీద తరువాత ఏడ్చి లాభం లేదు.

మనం అడగవలసినవి, చేయవలసినవి

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము కోరేవి మూడు. రెరాలో నమోదైన నిర్మాత మతం, కులం కారణంగా ఫ్లాటు నిరాకరించరాదన్న షరతును రాష్ట్ర నిబంధనలలో చేర్చాలి. ప్రభుత్వం ఇచ్చే నమోదు, అనుమతులతో వ్యాపారం చేసేవాడికి ఆ మాత్రం షరతు భారం కాదు. సచార్ కమిటీ సిఫారసు చేసిన సమాన అవకాశాల కమిషన్‌ను కనీసం రాష్ట్ర స్థాయిలోనైనా ఏర్పాటు చేసి, ఇల్లు నిరాకరించిన ఫిర్యాదులను వినే అధికారం దానికి ఇవ్వాలి. పల్లెలలోని చిన్న భవనాలను కూడా రెరా పరిధిలోకి తేవాలి. ఈ మూడవ కోర్కె ముస్లింలకే కాదు, పొలం అమ్మి కొడుకు కోసం ఫ్లాటు కొనే ప్రతి రైతుకూ మేలు చేసేదే.

వఖ్ఫ్ బోర్డులు గ్రామాలవారీగా సర్వే నంబర్లతో సహా జాబితాలను తెలుగులో, ఉర్దూలో పంచాయతీ కార్యాలయాలలో ప్రదర్శించాలి. సామాన్యుడు కొనే ముందు అక్కడే చూసుకోగలగాలి.

ఇక మనం చేయగలిగినది. ప్రతి పట్టణంలోనూ రెవెన్యూ, రిజిస్ట్రేషన్, పంచాయతీరాజ్ శాఖలలో పనిచేసి విరమించిన మనవారు ఉన్నారు. దస్త్రం చదవడం వచ్చినవారు, కాలక్షేపం కోసం వెతుకుతున్నవారు. మస్జిదు కమిటీలు నెలకు రెండు ఆదివారాలు ఒక గది ఇస్తే, ఇద్దరు విశ్రాంత ఉద్యోగులు, ఒక యువ న్యాయవాది కూర్చుని బయానా ఇవ్వబోయే కుటుంబాల పత్రాలు ఉచితంగా చూడవచ్చు. ముస్లిమేతర పొరుగువారు వచ్చినా కూర్చోబెట్టి చూడాలి. మోసపోయిన తరువాత ధర్నా చేయడానికి వందమంది వస్తారు. మోసపోకముందు ఒక కాగితం చదవడానికి ఒక్కరు చాలు.

ఎక్కడైనా పేరు విని ఫ్లాటు నిరాకరిస్తే మౌనంగా తిరిగి రాకండి. తేదీ, సమయం, అన్న మాటలు రాసి పెట్టుకోండి. వెంట వచ్చినవారి సంతకం తీసుకోండి. రాష్ట్ర మైనారిటీ కమిషన్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. నేడు ఆ ఫిర్యాదుతో ఫ్లాటు దొరకకపోవచ్చు. కానీ రేపు చట్టం కావాలని అడిగేటప్పుడు మన చేతిలో ఉండవలసినవి ఆ కాగితాలే. ఈ పత్రిక చదివే మిత్రులలో అటువంటి అనుభవం ఉన్నవారు ఈ నెలలోనే కూర్చుని ఆ వివరాలు రాసి, ప్రతిని తమ మస్జిదు కమిటీ వద్ద భద్రపరచవలసిందిగా కోరుతున్నాము.